అరవై దాటినవాళ్లకు వర్తించదు

పల్లెటూరి ఆడవాళ్లు ఆ సంగతులు మాట్లాడరు అని కామారెడ్డిలో మాకు ట్రైనింగ్ ఇచ్చిన మేడం అన్నప్పుడు నాకు నవ్వు ఆగలేదు. ఒక ఫంక్షన్ హాలు పైన అద్దెకు తీసుకున్న గది అది. కింద ఎవరిదో పెళ్లి, బ్యాండు చెవులు పగిలేలా మోగుతోంది. పైన పది పన్నెండు మంది ఆడపిల్లలం ఒళ్లో ట్యాబులు పెట్టుకుని కూర్చున్నాం. మేడం ముఖం గంభీరంగా పెట్టి, "వాళ్లకు ఆ భాషే ఉండదు. మీరు ఓపికగా రాబట్టాలి" అంది.

రాబట్టాలట! ఆమె ఒక్క రోజు మా ఎల్లారెడ్డి వైపు వచ్చి నాట్ల కాలంలో మడిలో దిగితే తెలిసేది. కొత్తగా పెళ్లైన పిల్ల నాటుకు వస్తే ఆ పిల్లను మధ్యలో నిలబెట్టుకుని రెండు వైపుల నుంచీ ఆడవాళ్లు అడిగే ప్రశ్నల ముందు ఈ ట్యాబులో ఉన్నవి ఎల్‌కేజీ పద్యాలు. చిన్నప్పుడు మా అమ్మ వెంట పోయి ఒడ్డు మీద కూర్చుని నా చదువు సగం అక్కడే చదివాను. మిగతా సగం ఇంటర్‌లో ఆగిపోయింది, అది వేరే సంగతి.

ఎల్లారెడ్డిలో ఒక మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్ ముక్కలు కత్తిరించే పని నాది. వచ్చిన వాళ్లందరితో గలగలా వాగుతుంటాను. అది చూసే ఒకావిడ నన్ను ఈ సర్వేలోకి పిలిచింది. సిటీ నుంచి వచ్చిన టీం. మనిషికి వయసొచ్చిన దగ్గర్నుంచి ముసలితనం దాకా మొగుడూ పెళ్లాల మధ్య సంగతులు ఎలా మారతాయో తెలుసుకునే అధ్యయనం. వినగానే నాకు ఉత్సాహం వచ్చింది. ఎవరైనా అడుగుతున్నారు కదా, మంచిదే కదా అనుకున్నాను. ఇంట్లో అమ్మతో మాత్రం బీపీ సర్వే అని చెప్పాను. పూర్తి అబద్ధమేమీ కాదు. చివరి పేజీలో బీపీ గురించి ఒక ప్రశ్న ఉంది.

ట్రైనింగ్‌లో నేర్పింది ఇదీ: నవ్వకూడదు, ఆశ్చర్యపోకూడదు, స్క్రీన్ మీద ఉన్న మాట ఉన్నట్టే చదవాలి. అన్నిటికంటే ముఖ్యం, తలుపు వేసుకుని అడగాలి.

నేను లేచి, "మేడం, మా దిక్కు పగటీలి తలుపెయ్యరు. బయటి మనిషి లోపటికి పోయి తలుపేస్తే, ఎవలకో పానం మీదికొచ్చిందని వాడకట్టంత వచ్చి నిలవడ్తది" అన్నాను.

"అందుకేనమ్మా ట్రైనింగ్. ఆ అలవాటు మనం మార్చాలి" అంది మేడం.

ట్యాబుల సంగతి చూసే సార్ గోడకు ఆనుకుని నిలబడి, "అరవై దాటినవాళ్లకు మూడో భాగం మొత్తం అక్కర్లేదు. మొదటి ప్రశ్న అడిగి, 'వర్తించదు' నొక్కి, బీపీకి వెళ్లిపోండి. టైం కలిసొస్తుంది" అన్నాడు. అధ్యయనానికి పేరేమో జీవితకాలం అని పెట్టారు. జీవితాన్నేమో అరవైకే ఆపేశారు. అప్పుడు నాకు ఆ తేడా తట్టలేదు. నేనూ తల ఊపి రాసుకున్నాను.

ఊళ్లు తిరగడం మొదలుపెట్టాక అసలు సినిమా కనబడింది. "లైంగిక సంతృప్తి" అని చదివితే ఒకామె, "గదేందో, ఏ ఆఫీసుల ఇస్తున్నరు బిడ్డా? మాకైతే ఇంకా రాలె" అంది. ఉన్నది ఉన్నట్టు చదవాలి కాబట్టి నేను మళ్లీ అదే మాట చదివాను. ఆమె మళ్లీ అదే జవాబు చెప్పింది. ఇద్దరం చాలా మర్యాదగా ఒకరి ముఖం ఒకరం చూసుకుని బీపీకి వచ్చేశాం. ఆ రాత మేడంకు చేరితే, చూశారా, వీళ్లకు భాష లేదు అనుకుని ఉంటుంది. నాలుగో రోజు నుంచి నేను నా మాటల్లో అడగడం మొదలుపెట్టాను. అప్పుడు జవాబులు వచ్చాయి. పెళ్లి కాని పిల్లవు నీకెందుకే ఇవన్నీ అని తిట్టిన వాళ్లే, కూర్చోబెట్టి చెప్పారు.

నాగిరెడ్డిపేట దగ్గర, పోచారం ప్రాజెక్టు నీళ్లు పారే ఊళ్లలో ఒక ఊరు. అక్కడ నాకు వచ్చిన పేరు ఒక అవ్వది. ఆధార్‌లో అరవై మూడు. కొడుకు, కోడలు, ఇద్దరు మనుమలు, ముసలాయన. ముసలాయన ఇంట్లో ఉండడు. మక్కచేను కాడ కొట్టంలో అడవి పందులకు కావలి పడుకుంటాడు. బర్రె కూడా అక్కడే. అవ్వ పొద్దునా సాయంత్రం పాలు పిండడానికి, మధ్యాహ్నం బువ్వ ఇవ్వడానికి పోయి వస్తుంటుంది.

నేను వెళ్లేసరికి ఆమె అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. చేతులు కడుక్కుని లోపలికి వచ్చింది. నేను తలుపు వేశాను. రూలు కదా!

"ఎందుకే తలుపేస్తున్నవ్? నేనేమన్న దొంగతనం జేసిన్నా?" అంది.

"గట్ల గాదవ్వా. నువ్వు చెప్పేది నాకు తప్ప ఎవ్వలకు తెల్వొద్దని."

ముందుగా అంగీకార పత్రం చదివాను. ఇందులో పాల్గొనడం వల్ల మీకు ఏ నష్టమూ జరగదు, మీరు చెప్పినది రహస్యంగా ఉంటుంది అని. అవ్వ చాలా శ్రద్ధగా విని, "నష్టం గాదు అన్నవు గదా?" అని మళ్లీ అడిగి, వేలిముద్ర వేసింది. ఒక కాపీ ఆమెకే ఇవ్వాలి. దాన్ని నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకుంది.

మూడో భాగం వచ్చింది. వర్తించదు నొక్కడానికి వేలు రెడీగా పెట్టుకునే, "నువ్వు, తాత ఇప్పటికి గిట్ల ఒక్క కాడ ఉంటరా అవ్వా?" అని అడిగాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఎందుకుండం?"

నా వేలు అలాగే ఆగిపోయింది. ఆశ్చర్యపోకూడదు అన్నారు, కానీ నోరు తెరుచుకుంటే ఏం చేస్తాం.

"నోరు ముయ్యవే, ఈగలు పోతయ్" అని, అవ్వ చెప్పడం మొదలుపెట్టింది. పదహారేళ్లకు కాపురానికి వచ్చింది. ఒకే గది, మధ్యలో చీర అడ్డం, అవతల అత్త. "మా అత్త దగ్గిందంటే నా పానం పోయేది. మా ఆయన దిక్కు సూసుటానికే భయమైతుండె." ముగ్గురు పిల్లలు. మూడో కాన్పు తర్వాత అతని చెయ్యి తగిలితే కోపం వచ్చేదట. ఆపరేషన్ అయ్యాక ఆ కోపం పోయింది. "మళ్ల పిల్లలైతరన్న రంది లేకపాయె గదా."

ఆ తర్వాత మనుమడు పుట్టాడు. తొట్టెల చేసిన రోజు, చుట్టాలంతా వెళ్లిపోయాక, ఎవరూ ఏమీ అనకుండానే ఆమె మంచం మనుమడి పక్కకు, ముసలాయన మంచం బయటి అర్రలోకి జరిగాయి. మా వైపు అంతే. మనుమడు పుడితే అవ్వకూ తాతకూ మంచాలు వేరు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు.

"నన్నడిగి జరిపిండ్రా? అల్మారా జరిపినట్టు జరిపిండ్రు. ఆయన ఎన్నొద్దులు ఓర్సుకుంటడు? పందులొస్తున్నయని పేరు వెట్టి కొట్టంల పడ్డడు. నేను బువ్వ దీస్కపోత. గింతసేపు కూసుంట."

"కూసునుడేనా?"

"అన్నీ అడుగుతవేందే! మొన్న మంగళారం కూసునుడు గాదు. శాన దినాలైతే కూసునుడే. ఎన్ను నిమురుతడు, నేను మోకాళ్లకు నూనె రాస్త. అత్త దగ్గు లేదు, పిల్లలైతరన్న రంది లేదు. చెప్తే నవ్వుతవ్ గని బిడ్డా, గిప్పుడే మంచిగున్నది."

ట్యాబులో ఎన్నిసార్లు అని అంకె వేయడానికి ఒక గడి ఉంది. వెన్ను నిమరడానికి గడి లేదు. నూనె రాయడానికీ లేదు. గిప్పుడే మంచిగున్నది అన్న మాట వేయడానికి ఎక్కడా చోటు లేదు. నేను ఒకటి అని కొట్టి, బాధగా బీపీకి వచ్చాను.

తలుపు తీసేసరికి వాకిట్లో ఏడెనిమిది మంది. తలుపేశారని చూసి, అవ్వ పడిపోయిందేమోనని పరుగెత్తుకొచ్చారట. మరి పడిపోలేదని తెలిశాక పోవాలి కదా? కోడలు, పక్కింటామె వెనక కిటికీ దగ్గరకు పోయి నిలబడ్డారు. చివరి దాకా విన్నారు. పక్కింటామె కొంగు నోట్లో కుక్కుకుని నన్ను చూస్తోంది. కోడలు నేల చూస్తోంది. తలుపు తీసి పెట్టి, అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ అడిగి ఉంటే దారిన పోయేవాళ్లు దారినే పోయేవాళ్లు. రహస్యం కాపాడటానికి వేసిన తలుపే మైకు పెట్టి పిలిచినట్టు అందరినీ పిలిచింది. సిటీలో కూర్చుని ఆ రూలు రాసిన మహానుభావులకు ఒక దండం. తెలిసి తెలిసి గడియ పెట్టిన నాకు రెండు దండాలు.

వారం తిరగకముందే అవ్వ బస్సెక్కి ఎల్లారెడ్డి వచ్చింది. మ్యాచింగ్ సెంటర్ కనుక్కుని, గుడ్డల మధ్య నిలబడి, రొండిలోంచి కాగితం తీసి నా ముందు పెట్టింది.

"సదువు."

"అవ్వా, లోపటికి రా, కూసో."

"కూసుంట తీయ్. సదువు ముందుగాల."

చదివాను. ఏ నష్టమూ జరగదు అన్న దగ్గర ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మరి అయింది గదనే నష్టం" అంది అవ్వ. ఏడవలేదు. అంగట్లో చినిగిన చీర వాపస్ ఇవ్వడానికి వచ్చిన మనిషిలా మాట్లాడింది. కొడుకు చెవిన పడిందట. చెప్పింది పక్కింటామె మొగుడు, హోటల్ దగ్గర, నలుగురిలో. సాయంత్రానికల్లా కొడుకు పోయి తండ్రిని చేను నుంచి తీసుకొచ్చేశాడు. పందులను బెదిరించే బ్యాటరీ మైకు ఒకటి తెచ్చి చేలో పెట్టాడు. అది పొద్దస్తమానం హో హో అని అరుస్తుంటుంది. ముసలాయన మంచం బయటి అర్రలో, మనుమల మధ్య. పాలు పిండే పని కోడలికి. అవ్వకు చేను దిక్కు పోయే పనే లేదు. "ముసలోడు తలెత్తుతలేడు బిడ్డా. గోడ దిక్కు తిరిగి పండుకుంటుండు. బువ్వ వెడితే రెండు బుక్కలు తిని పల్లెం నూకుతుండు. మాట లేదు. గిట్లయితే మనిషి దక్కుతడా? నువ్వు రాస్కపోయినవ్. నువ్వే సక్కజెయ్యాలె."

అక్కడ జాకెట్ ముక్కలకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు చెవులు రిక్కించారు. నేను అవ్వను బయటికి తీసుకొచ్చి, చాయ్ తాగించి, బస్సెక్కించాను. మర్నాడు కామారెడ్డి వెళ్లాను.

ఫంక్షన్ హాలు పైగదిలో సార్ ఒక్కడే ఉన్నాడు. జరిగింది మొత్తం చెప్పాను. ఆయన చాలా శాంతంగా విన్నాడు. అంత శాంతంగా వినే మనుషులను చూస్తే నాకు ఇప్పుడు భయం.

"దీనికి ఒక ఫారం ఉంది" అన్నాడు. నష్టం జరిగితే నింపే ఫారం. గాయమా, డబ్బా, ఉద్యోగమా, ఇతరములా. మొగుణ్ణి దూరం చేశారు అన్నది ఇతరముల్లోకి వస్తుందట. పెన్ను తీసుకున్నాను. అంతలో ఆయన ల్యాప్‌టాప్‌లో ఏదో చూసి, "ఆగండి, ఆ రికార్డు మేం తీసేశాం కదా" అన్నాడు.

"ఎందుకు సార్?"

"అరవై దాటిన ఆమెకు మూడో భాగంలో అంకె వచ్చింది. మీ వేలు పొరపాటున తగిలి ఉంటుంది. అలాంటి తప్పులు ఏరేస్తాం."

"తప్పు గాదు సార్. అవ్వ చెప్పింది. నేనే కొట్టిన."

"ఒక్క ఊళ్లో ఒక్కరే అలా చెప్తే దాన్ని లెక్కలోకి తీసుకోలేం." ఆ మాట అన్న తర్వాత, ఏదో మంచి వార్త చెప్తున్నట్టు నవ్వాడు. "ఒకరకంగా మంచిదే. రికార్డు లేదు కాబట్టి ఆమె ఇప్పుడు మన అధ్యయనంలో లేదు. లేని మనిషికి నష్టం జరగదు. ఫారం అవసరం లేదు."

ఒక్కరే చెప్పారట! మిగతా ముసలమ్మలకు మేం ప్రశ్న అడుగుతూనే వర్తించదు మీద వేలు పెట్టుకుని కూర్చున్నాం కదా. వాళ్ల ముఖం చూసే చెప్పేశాం, నీ దగ్గర ఏముంటుందిలే అని. వాళ్లేమో థూ, గివేం మాటలు అని మాకు కావలసిందే ఇచ్చి పంపించారు. ఒక మనిషి నోరు విప్పి నిజం చెప్తే ఆమెను ఏరేశారు. బియ్యంలో రాయిని ఏరినట్టు.

ట్యాబు బల్ల మీద పెట్టాను. "నాకు శాతగాదు సార్ గీ పని. మీరు మీకు తెలిసినయే మళ్ల అడుగుతుండ్రు. దానికి ఊళ్లు తిరుగుడెందుకు?" అన్నాను. ఛార్జర్ కూడా ఇవ్వాలి అన్నాడు. ఇచ్చాను.

ఇక ఏ నష్టమూ జరగదని అవ్వకిచ్చిన మాట ఉంది. టీం లేదు, ఫారం లేదు, నేనే మిగిలాను. ఆదివారం పొద్దున ఆ ఊరికి బస్సెక్కాను.

కొడుకు అరుగు మీద ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. బయటి అర్రలో ముసలాయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వీపు మాత్రమే కనబడుతోంది.

"నువ్వేనా ట్యాబు పిల్లవు? ఇంకేం మిగిలిందని అడుగ వచ్చినవ్?" అన్నాడు కొడుకు.

"అడుగ రాలేదన్నా. తప్పు నాది. తలుపేసింది నేను. నీ కోపం నా మీద సూపెట్టు. తాతను చేను కాడికి పోనియ్యి."

"మా ఇజ్జత్ తీసి, ఇప్పుడు బుద్ధులు చెప్పొచ్చినవా? హోటల్ కాడికి పోతే నన్ను సూసి ఇకఇక నవ్వుతున్రు. పెండ్లిగాని పిల్లవు, నీకున్నదా సిగ్గు?"

"అన్నా, నిన్ను సూసి ఎందుకు నవ్వుతరు? నువ్వేం జేసినవ్?"

నిజంగా తెలియకే అడిగాను. అతను, "మా అవ్వయ్య గురించి నాతోని మాట్లాడకు. నడువు" అని లేచాడు.

అప్పుడు అవ్వ వెనక నుంచి తడి చేతులతో వచ్చింది. నన్ను కూర్చోమని సైగ చేసి, కొడుకు ముందు నిలబడింది.

"కొడుకా, రేపు పెద్దమనుషులను పిలువు. నాకు, మీ బాపుకు వేరు పొయ్యి కావాలె."

"వేరా? ఏం మాటనే అవ్వా? నీకు బువ్వ పెడ్తలేనా? మందులు తెస్తలేనా? ఊరోళ్లు ఏమంటరు, అవ్వయ్యను ఎల్లగొట్టిండంటరు."

"అంటరు మరి. పెద్దమనుషులు గూడ అడుగుతరు, ఎందుకు వేరువోతున్రు అని. నువ్వు చెప్పు."

కొడుకు ఫోన్ జేబులో పెట్టి వాకిలి వైపు చూశాడు.

"చెప్పరాదు? నీకు రాకుంటే నేను చెప్త. లగ్గం జేసుకున్న మొగడు, పెండ్లాం ఒక్క కాడ ఉంటమంటే కొడుకు ఉండనిస్తలేడు అంట. గందులో అబద్ధమేమన్న ఉంటే అడుగు."

"అవ్వా, ఊకో! బయటికి ఇనవడ్తది!"

"ఇనవడనీ. ఈ పిల్లకు చెప్పిన, వాడకట్టు ఇన్నది, హోటల్ల ఇన్నరు. ఇంకెవలున్నరు దాసుటానికి? నేనెవలింటికన్న పోయిన్నా? నా మొగని కాడికి పోయిన. నువ్వెట్ల పుట్టినవనుకున్నవ్ మరి?"

అంత మనిషికి, ఇద్దరు పిల్లల తండ్రికి, చెవుల దాకా ఎర్రగా అయింది. తండ్రిని మంచంతో సహా ఎత్తుకొచ్చే బలముంది. ఆ సంగతి నోటితో చెప్పే బలం మాత్రం లేదు. పంచాయితీలో నలుగురి ముందు నిలబడి ఆ కారణం చెప్పడం కంటే చెరువులో పడటమే నయం అన్నట్టు నిలబడ్డాడు. అవ్వ ఎదురుచూస్తోంది. ఆమెకు తొందరేమీ లేదు.

గడప దగ్గర నుంచి కోడలు మాట్లాడింది. అంతవరకూ ఆమె అక్కడ ఉన్నట్టే తెలియలేదు.

"నిన్న ఆ మైకు బ్యాటరీ ఒడిసింది. పందులు నాలుగు సాళ్ల మక్క తొక్కినయ్. మనిషి లేకుంటే చేను నిలువది." ఎవరి వైపూ చూడకుండా అంది. "బర్రె గూడ నాకు పాలిస్తలేదు. తన్నుతుంది. అత్తే పిండుకొస్తది. పిల్లగాండ్లను నా కాడ పండవెట్టుకుంట."

కొడుకు ఆ మాటను, మునిగేవాడు కొమ్మను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "గట్లనా? ముందుగాల చెప్పొద్దా? పందులైతే మరి మనిషి ఉండాలె" అన్నాడు. ఎంత ధైర్యంగా అన్నాడో! పందుల గురించి ఎవరి ముందైనా మాట్లాడొచ్చు. కన్నవాళ్ల గురించి మాట్లాడకూడదు. నాకు అతన్ని చూసి ఒళ్లు మండింది. కిటికీ దగ్గర నిలబడి విన్న కోడలే ఈ మాటా వెతికి తెచ్చిందని తర్వాత గానీ తట్టలేదు. ఆమెకు కూడా కొడుకు ఉన్నాడు. వాడికీ పెళ్లవుతుంది, అప్పుడు ఈమె మంచమూ జరుపుతారు.

"బాపు, చేను కాడికి పో. పందులొస్తున్నయంట" అని లోపలికి కేకేసి, కొడుకు చెప్పులేసుకుని ఎటో వెళ్లిపోయాడు.

ముసలాయన వెంటనే లేవలేదు. కొడుకు అడుగుల చప్పుడు వాకిలి దాటేదాకా ఆగాడు. తర్వాత లేచి, తలకు రుమాలు చుట్టుకుని, టార్చిలైటు, గొంగడి, కట్టె తీసుకుని బయటికి వచ్చాడు. అన్ని రోజులు పడుకున్న మనిషి, గోడ పట్టుకుని మెట్టు దిగాడు. నా ముందు నుంచే పోతూ, నా ముఖం చూడకుండా, "చాయ్ తాగి పో బిడ్డా" అన్నాడు.

వాకిలి దాకా పోయి ఆగాడు. వెనక్కి తిరగకుండానే పెళ్లాంతో అన్నాడు, "రేపు పగటీలి బువ్వల పచ్చిపులుసు జర ఎక్కువ తే."

"వారమాయె పల్లెం నూకవట్టి! ఇప్పుడు పులుసు యాదికొచ్చిందా ముసలోనికి?" అని అవ్వ గట్టిగా, వాడకట్టంతా వినేలా కసురుకుంది. ఆ తర్వాత అరుగు మీద కూర్చుని, చింతపండు గంప ముందుకు లాక్కుంది.